ఎఫ్‌సీలో సస్పెన్షన్ అరిగిందన్నారా? డబ్బు తీసే ముందు కారు కిందికి దూరి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరులో ఎల్లో బోర్డు (ట్యాక్సీ) డిజైర్ కారు, తొమ్మిదేళ్ల బండి, 2,30,000 కిలోమీటర్లు తిరిగింది. ఈ ఏడాది ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీకి) తీసుకెళ్తే ముందు ఎడమ చక్రం బాల్ జాయింట్ లూజు, కుడి షాక్ అబ్జార్బర్ లీకు, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు ఛాసిస్‌కి కలిపే ఇనుప చెయ్యి) బుష్‌లు (దాని కీళ్లలోని రబ్బర్లు) అరిగాయి అని చెప్పి వెనక్కి పంపారు. గ్యారేజీలో చూపిస్తే ముందూ వెనకా మొత్తం మార్చాలి, 45 వేలు అన్నారు. అంతా మార్చాలా, లేక ఏదో ఒకటి సర్ది ఎఫ్‌సీ తెచ్చేసుకోవచ్చా అని అడిగారు.

అన్నా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. సర్దొద్దు. బాల్ జాయింట్ లూజు అన్నారంటే ఆ కారు గ్యారేజీ దాకా తప్ప ఎక్కడికీ వెళ్లకూడదు. అలాగని 45 వేలూ పెట్టొద్దు. మీరు చెప్పిన మూడింటికీ కలిపి అందులో సగం కూడా పట్టదని నా లెక్క.

నాదీ మదనపల్లె వైపే. కె.ఆర్.పురంలో ఉంటాను. రెండు బండ్లున్నాయి, ఒకటి నేను తిప్పుతాను, రెండోది మా బావమరిది. కొత్త ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి ఎఫ్‌సీ, ఆ పైన ప్రతి ఏడాదీ. (వైట్ బోర్డు వాళ్లకు 15 ఏళ్ల దాకా ఈ గోల లేదు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. అందుకే వాళ్ల బండ్ల కింద ఏం ఊగుతోందో చాలామందికి తెలియదు.) మా మొదటి బండి ఎనిమిదేళ్లు దాటిన ఏడాదే నాకూ ఇదే జరిగింది. ఆ టెన్షన్‌లో రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాను. మొదటిసారి భయపడి, రెండోసారి తెలియక.

భయపడి పోగొట్టుకున్నది ముందు చెప్తాను. బండి ఫెయిలైన రోజు మధ్యాహ్నమే దగ్గర్లో ఉన్న ఒక గ్యారేజీలో వదిలేశాను. మరుసటి రోజు ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులున్నాయి, నెలాఖరు, ఈఎంఐ కట్టాలి. "అన్నీ పోయాయి సార్" అన్నాడు, సరే అన్నాను. వెనక షాక్ అబ్జార్బర్లు కూడా మార్చేశాడు. పాతవి డిక్కీలో వేయమన్నాను కాబట్టి ఇంటికొచ్చి చూశాను. వెనకవి రెండూ పొడిగా ఉన్నాయి. నిలబెట్టి రాడ్డు నొక్కితే బిగువుగా దిగి, మెల్లగా పైకొచ్చింది. ఒక్క చుక్క ఆయిల్ లేదు. బాగున్న సరుకు తీయించి కొత్తది వేయించుకున్నాను.

కాబట్టి ఎవరికైనా బండి ఇచ్చే ముందు మీరే చూడండి. గంట పని. జాకీ ఎక్కించి, స్టాండ్ పెట్టి, ముందు ఎడమ చక్రాన్ని గాల్లోకి లేపండి. ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు. టైరును గడియారంలా ఊహించుకుని, 12 దగ్గర ఒక చెయ్యి, 6 దగ్గర ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపండి. టక్ టక్‌మని ఆడితే అది బాల్ జాయింటైనా కావచ్చు, వీల్ బేరింగైనా కావచ్చు. ఇక్కడే చాలామంది ఒకదానికి బదులు ఇంకొకటి మారుస్తారు. ఇంట్లోవాళ్లను ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి బ్రేక్ గట్టిగా తొక్కమనండి. తొక్కి పట్టుకున్నప్పుడు ఆట ఆగిపోతే బేరింగ్. అప్పుడూ ఆడుతుంటే బాల్ జాయింట్ దగ్గర చూడాలి. మా ఇంట్లో బ్రేక్ తొక్కే డ్యూటీ మా అమ్మాయిది. తొమ్మిదో తరగతి, కాలు అందక సీటు ముందుకు జరుపుకుంది.

తర్వాత చేతులు 3 దగ్గర, 9 దగ్గర పెట్టి ఊపండి. ఆట ఉంటే టై రాడ్ ఎండ్ లేదా రాక్ ఎండ్. అది స్టీరింగ్ భాగం, సస్పెన్షన్ బిల్లులో కలిపేస్తారు. మీ చీటీలో అది లేదు, కానీ ఎలాగూ చక్రం లేపారు కాబట్టి చూసేయండి.

బాల్ జాయింట్ గురించి ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, మన బండిలాంటి చిన్న కార్లలో చక్రాన్ని కింది వైపు పట్టుకుని ఉండేది అదే. గిన్నెలో గోళీలా ఉంటుంది. పైనున్న రబ్బరు బూటు చిరిగితే గ్రీజు పోతుంది, మన్నూ నీళ్లూ చేరతాయి, గోళీ అరిగి ఒకరోజు గిన్నెలోంచి ఊడొస్తుంది. ఊడితే చక్రం అడుగు భాగం బయటికి పోయి, ఆ మూల బండి నేల మీద కూలబడుతుంది. బ్రేకుకీ స్టీరింగుకీ అప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. చింతామణి రోడ్డులో ఒక ఆటో అలా కూర్చుండిపోవడం చూశానని మా బావమరిది అంటే, ఆటోకి బాల్ జాయింట్ ఎక్కడిదిరా అని నవ్వాను. అది వేరే ఏదో అయ్యుంటుంది. కానీ ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డులో ఒక కారు అలా కూలబడి ఉండగా నేనే చూశాను. అదృష్టం, నెమ్మదిగా పోతున్నప్పుడు ఊడింది.

చాలా చిన్న కార్లలో బాల్ జాయింట్ లోయర్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది. ఆర్మ్ మారిస్తే దాని రెండు బుష్‌లూ కొత్తవే వస్తాయి. అంటే మీకు రాసిన మూడు తప్పుల్లో రెండు ఒకే సామానుతో తీరిపోతాయి. ఎడమది ఎలాగూ మార్చాలి. కుడి ఆర్మ్ బుష్ ఎలా ఉందో మాత్రం కళ్లతో చూసి నిర్ణయించుకోండి. రబ్బరు పైపైన పగుళ్లుంటే అది వయసు, దానికేం ఫర్వాలేదు. పొడవాటి రాడ్డు పెట్టి ఎత్తితే రబ్బరు విడిపోయి సందు కనిపించిందంటే, లేదా బ్రేక్ వేసినప్పుడు కింద డబ్‌మని ఒక దెబ్బ వినిపిస్తుంటే మార్చాల్సిందే. బుష్ ఒక్కటే ప్రెస్‌లో వేయించి ఆర్మ్ ఉంచుకునే పద్ధతీ ఉంది, చవక. కుడి వైపు బాల్ జాయింట్ గట్టిగా ఉంటే అలా చేయొచ్చు. 2,30,000 తిరిగిన బండికి నేనైతే రెండు ఆర్మ్‌లూ కొత్తవే వేస్తాను.

షాక్ అబ్జార్బర్‌కి వస్తే, తడికీ లీకుకీ తేడా ఉంది. పై భాగంలో సన్నగా ఆయిల్ తడి, దాని మీద దుమ్ము అంటుకుని ఉంటే అది చెమటలాంటిది. ఒంటి నిండా జిడ్డు కారి, కింద చుక్క కడుతుంటే పోయినట్టే. బానెట్ మూల మీద గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగాలి, రెండు మూడుసార్లు ఊగకూడదు. టైరును అరచేత్తో తడిమినప్పుడు ఎగుడు దిగుడుగా తగిలినా అనుమానించాలి. పోయింది కుడిదొక్కటే అయినా ముందు రెండూ మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్రేకులోనూ మలుపులోనూ బండి రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. వెనకవాటిని మాత్రం పరీక్షించకుండా ముట్టుకోనివ్వకండి, నా అనుభవం చెప్పాను కదా.

షాక్ దించినప్పుడు దాని పైన ఉండే స్ట్రట్ మౌంట్, బేరింగ్, డస్ట్ కవర్, లోపలి బంప్ స్టాప్ కూడా వేయించేయండి. సామాను ఖర్చు తక్కువ. రేపు విడిగా మార్చాలంటే మళ్లీ స్ప్రింగ్ నొక్కి విప్పాలి, కూలి రెండోసారి కట్టాలి. లింక్ రాడ్‌లు కూడా అంతే. చిన్న గుంతల మీద కటకటమని చప్పుడు వస్తుంటే ముందు అనుమానం వాటి మీదే. ప్రమాదమేమీ లేదు, కానీ వెనక కూర్చున్న ప్యాసింజర్ ప్రతి హంప్‌కీ మన ముఖం చూస్తాడు. హంప్‌ల మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మా వీధిలోది ఇంతకింత ఎత్తు, వెడల్పు మాత్రం గడప అంత, పైన పెయింట్ కూడా లేదు. లోయర్ ఆర్మ్ డబ్బులు అడగాల్సింది ఎవరినో నాకు తెలుసు!

సామాను జె.సి.రోడ్డులో కొన్నాను. పోయే ముందు ఛాసిస్ నంబర్, తయారైన నెల, సంవత్సరం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. డీజిలా పెట్రోలా అన్నది తప్పకుండా చెప్పండి. డీజిల్ ఇంజన్ బరువు ఎక్కువ, ముందు సస్పెన్షన్ సామాను దాన్ని బట్టి మారొచ్చు. వీలైతే పాత ఆర్మ్ చేత్తో పట్టుకుపోయి కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి చూసుకోండి. "కంపెనీదే, డబ్బా మాత్రమే వేరు" అంటే నమస్కారం పెట్టి పక్క షాపుకి పోవడమే. జీఎస్టీ బిల్లు తీసుకోండి. నాకు రెండు ఆర్మ్‌లు, ముందు షాక్‌లు, మౌంట్‌లు, లింక్ రాడ్‌లు, కూలి, అలైన్‌మెంట్ అన్నీ కలిపి 18 వేల లోపే అయింది. కొన్నేళ్ల కిందటి ధర అది, ఇప్పుడు కొంచెం పెరిగి ఉంటుంది. ఇన్సూరెన్స్‌లో వస్తుందేమో అని ఆశ పెట్టుకోకండి. అరుగుదలకు పాలసీలో డబ్బు రాదు.

ఇక రెండోసారి, తెలియక పోగొట్టుకున్నది. ఇది మీకు ఏ గ్యారేజీవాడూ చెప్పడు కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

ఆ కొత్త ఆర్మ్‌లు వేసిన నాలుగు నెలలకే బ్రేక్ తొక్కితే డబ్‌మని మొదలైంది. సామాను డూప్లికేట్ అనుకుని షాపువాణ్ని తిట్టుకున్నాను. బండిని హొస్కోటె దగ్గర ఒక పెద్దాయన పిట్‌కి (బండి కింద దిగి పనిచేసే గొయ్యి) తీసుకెళ్లాను. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడతాడు. కిందికి దిగి టార్చ్ వేసి చూసి నన్నూ దిగమన్నాడు. బుష్ రబ్బరు ఒక పక్కకు మెలితిరిగి, అంచున చిరిగిపోయి ఉంది. "దీన్ని జాకీ మీదే బిగించారు కదా" అన్నాడు. అవును, నా కళ్ల ముందే బిగించారు.

ఆయన చూపించింది ఇదీ. బుష్‌లో బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక ఇనుప గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కుని రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం ఛాసిస్‌కి పట్టేస్తుంది, ఇక తిరగదు. ఆర్మ్ పైకీ కిందికీ ఆడేటప్పుడు మెలి తిరిగేది రబ్బరే. చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, రబ్బరుకి ఆ వేలాడే స్థితే మామూలు స్థితి అవుతుంది. బండి నేల మీదికి దిగగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది. ఊరికే నిలబెట్టినా ఆ మెలికలోనే ఉంటుంది. దాని మీద మన గుంతలు. నాలుగు నెలలు వచ్చిందంటే గొప్పే.

కాబట్టి మీ మెకానిక్‌కి మర్యాదగానే చెప్పండి: "బోల్టులు చేత్తో పట్టించి, బండి దించి, రెండుసార్లు కుదిపి, అప్పుడు ఫుల్ టైట్ చేయన్నా." పిట్ ఉన్న చోటైతే ఇది సులువు, బండి తన కాళ్ల మీదే నిలబడి ఉంటుంది. లిఫ్ట్ మీదైతే ఆర్మ్ కింద జాకీ పెట్టి బరువు ఎక్కించి బిగించాలి. "అదేం తేడా పడదు సార్" అన్నవాడి దగ్గర నేను ఆర్మ్ పని చేయించను. పెద్దాయన ఆ రోజు కొత్త బుష్‌లు వేసి, బిగించిన బోల్టు తలల మీద సుద్దతో గీత గీశాడు. ఐదు వందల కిలోమీటర్ల తర్వాత వచ్చి ఆ గీత కదిలిందేమో చూపించుకోమన్నాడు. కదల్లేదు. ఆ బుష్‌లు ఇప్పటికీ ఉన్నాయి.

పనయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. షాక్ విప్పినా ఆర్మ్ విప్పినా చక్రం కోణం మారుతుంది. అది మానేస్తే రెండు మూడు నెలల్లో కొత్త టైర్ల అంచులు తినేస్తుంది.

"నేను చూసుకుంటాలే" అనే బ్రోకర్లు ఆర్టీవో ఆఫీసు బయట ఎప్పుడూ ఉంటారు. బుష్‌ల విషయంలోనైనా వద్దంటాను. బాల్ జాయింట్ విషయంలో ఆలోచన కూడా రానివ్వకండి. ఎఫ్‌సీ లేకుండా రెండు రోజులు ట్రిప్పులు కొట్టేద్దాం అనీ అనుకోకండి. మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ లేని ట్రాన్స్‌పోర్ట్ బండికి రిజిస్ట్రేషన్ కూడా చెల్లుబాటులో లేనట్టే లెక్క. ఆ రోజుల్లో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లతో వాదించడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

మళ్లీ తీసుకెళ్లేటప్పుడు కింద నీళ్లతో కడిగించుకుని పోండి, కొత్త సామాను కనబడాలి. బిల్లు దగ్గర పెట్టుకోండి. లైట్లు, హారన్, రిఫ్లెక్టర్ టేపు, స్టెప్నీ ముందు రోజే చూసుకోండి. నేను రెండోసారి ఎఫ్‌సీకి పోయినప్పుడు ఇన్‌స్పెక్టర్ చక్రం ఊపి చూసి, వంగి కిందికి ఒకసారి తొంగిచూసి సరే అన్నట్టు తలాడించాడు. హమ్మయ్య అనుకునేలోపు "వైపర్ వేయి, నీళ్లు కొట్టు" అన్నాడు. వాషర్ ట్యాంకు ఖాళీ. ప్యాసింజర్ కోసం పెట్టిన బిస్లెరీ బాటిల్ అక్కడే పోసేశాను.