లెక్కల సరదాకు నలుగురిని పిలిచే ముందు

ప్రొద్దుటూరు

చి. అమ్మాయికి, పెదనాయన ఆశీస్సులు.

కడపలో మీ మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు లెక్కల కోసమే నలుగురిని కూర్చోబెడతానని రాశావు, సంతోషం. ఒలింపియాడ్‌కు చదివే పిల్లలూ వస్తామంటున్నారు, లెక్కలనగానే చెమటలు పట్టే పక్కింటి ఆడవాళ్లూ వస్తామంటున్నారు, అందరినీ కలిపి ఎట్లా నడపాలని అడిగావు. కూర్చోబెట్టడం కష్టమేం కాదమ్మా. తెలిసినవాడి నోరు కాసేపు మూయించడమే కష్టం. అందుకని, ముందే తెలిసి ఉండటం వల్ల పెద్దగా లాభం లేని లెక్కలు వెతుక్కో.

మొదటి రోజు బోర్డు జోలికి పోవద్దు. ముగ్గుతో మొదలుపెట్టు. "7 చుక్కలు, 4 వచ్చేదాకా, సందు చుక్క" అను చాలు. ఆడవాళ్లు మధ్యలో ఏడు పెట్టి, అటూ ఇటూ చుక్కల సందుల్లో పడేటట్టు ఆరు, అయిదు, నాలుగు తగ్గించుకుంటూ పోతారు. ఒలింపియాడ్ పిల్లోడు సందు చుక్కంటే ఏందని అడుగుతాడు. నువ్వు చెప్పొద్దు, ముగ్గేసే ఆయమ్మనే చెప్పనీ. ఆ ఒక్క ప్రశ్నతో అక్కడ ఎవరు గురువో ఎవరు శిష్యులో తారుమారవుతుంది.

ఇప్పుడు చుక్కలు లెక్కపెట్టించు. 37 ఉంటాయి. పక్కనే 5 చుక్కలు 3 వచ్చేదాకా వేయించు, 19. ఆ పక్కన 3 చుక్కలు 2 వచ్చేదాకా, 7. చివర ఒంటి చుక్క. చిన్న వైపు నుంచి కలుపుకుంటూ రమ్మను: 1, దానికి 7 కలిపితే 8, 19 కలిపితే 27, 37 కలిపితే 64. ఒకటి, రెండు, మూడు, నాలుగుల ఘనాలు! సంక్రాంతికి వాకిట్లో వేసే ముగ్గులోకి ఘనాలు ఎందుకొచ్చాయి?

ఇక్కడ ఆగాలి. నీకు చెప్పాలని నాలిక దురద పెడుతుంది, టీచర్లందరికీ ఉండే జబ్బే అది. ఆగు. తికమక పడనీ. 9 చుక్కలు 5 వచ్చేదాకా వేస్తే ఎన్నొస్తాయో ఎవరో ఒకరు ముందే ఊహించి చెబుతారు, 61 అని, తర్వాతి ఘనం 125లో 64 పోతే మిగిలేది అంతే కదా అని. వేసి చూస్తే సరిపోతుంది. ఆ సంబరాన్ని ఫార్ములాతో పాడు చేయొద్దు. ఆల్జీబ్రా వచ్చిన పిల్లోడు లేచి చెప్పబోతే, కాగితం మీద రాసి జేబులో పెట్టుకో నాయనా, వచ్చే వారం చూద్దాం అను.

వచ్చే వారానికి వడ్రంగితో 64 చిన్న చెక్క దిమ్మెలు కోయించు. నాలుగు వరసలు, నాలుగు నిలువులు, నాలుగు అంతస్తులుగా పేర్చు. ఒక మూల దగ్గర కలిసే మూడు ముఖాల మీది దిమ్మెలు లెక్కపెట్టమను. ముఖానికి 16 చొప్పున 48. కానీ అంచుల మీదివి రెండేసి సార్లు లెక్కకొచ్చాయి, అంచుకు 4 చొప్పున 12 తీసేయాలి. అప్పుడు మూలలోది పూర్తిగా పోతుంది, దాన్ని మళ్లీ కలపాలి. 37! ఆ పొర ఊడదీస్తే లోపల 27 దిమ్మెల ఘనం మిగులుతుంది. ఊడదీయకముందే ఆ మూలకు ఎదురుగా వంగి, ఒక కన్ను మూసి చూడమను. ఆరు మూలల ముగ్గు కనిపిస్తుంది. పిల్లోడి జేబులో కాగితం తీయించాల్సింది అప్పుడే. ఫార్ములా కూడా అందరికీ రుచిస్తుంది.

మూడో వారం కాప్రేకర్ లెక్క పెట్టుకో. ఆయన నాసిక్ దగ్గర దేవలాలిలో బడిపంతులు, 1949లో దీన్ని కనిపెట్టాడు. ఎవరి బండి నంబరు వాళ్లు తీసుకోవచ్చు, నాలుగంకెలూ ఒకటే కాకుంటే చాలు. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు ఒకసారి, చిన్న నుంచి పెద్దకు ఒకసారి రాసి తీసివేయాలి. 4091 అనుకో. 9410లోంచి 0149 పోతే 9261. 9621లోంచి 1269 పోతే 8352. 8532లోంచి 2358 పోతే 6174. ఇంకోసారి చేసినా మళ్లీ 6174. ఏ నంబరుతో మొదలుపెట్టినా ఏడు తీసివేతలు మించకుండా అక్కడికే వస్తారు. మధ్యలో మూడంకెలే వస్తే ముందు సున్నా పెట్టుకోవాలి, ఇది గట్టిగా చెప్పు.

ఇందులో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. మధ్యలో ఎవరైనా అప్పు తెచ్చుకోవడం మరిచి తీసివేత తప్పు చేశారనుకో. నాలుగంకెలూ ఒకటే రాకుంటే, ఆ తర్వాతవి సరిగ్గా చేస్తే వాళ్లూ 6174కే చేరతారు. తప్పుగా వచ్చింది కూడా ఇంకో నాలుగంకెల సంఖ్యే కదా! లెక్కంటే టెన్షన్ పడేవాళ్లకు ఇంతకన్నా మంచి లెక్క నాకు తెలియదు. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకునే పని ఒలింపియాడ్ పిల్లలకు ఇయ్యి. పైనా కిందా ఉన్నవి అవే అంకెలు కాబట్టి, వచ్చే ప్రతి జవాబూ 9తో భాగించబడాలి. కాని చోట తప్పుంది.

గబగబా గుణించే చిట్కాలు పెట్టొద్దు. చేతులు పైకెత్తే పోటీలు, బహుమతులు అసలే వద్దు. నాకు రాదు అని వెనక్కి జరిగేవాళ్లను ముందుకు లాగొద్దు, సుద్దముక్క చేతికిచ్చి చుక్కలు పెట్టమంటే వాళ్లే జరుగుతారు.

తెలిసినవాళ్లకు పొగరు పెరిగిన రోజు కొలాట్జ్ లెక్క వెయ్యి. సరిసంఖ్యయితే సగం చెయ్యి, బేసి అయితే మూడింతలు చేసి ఒకటి కలుపు, వచ్చినదానికీ మళ్లీ అదే చెయ్యి. 7తో మొదలైతే 16 అడుగుల్లో 1కి దిగుతుంది. 27 మాత్రం 9232 దాకా ఎక్కి, 111 అడుగులకు గానీ దిగదు. అన్నీ దిగుతాయా? ఇప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ నిరూపించలేదు. ఆ మాట మాత్రం చివర్లోనే చెప్పు, ముందే చెబితే 27 దించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఉగ్గాని, బజ్జీ లెక్క అయినాకే పెట్టు, నూనె చేతులతో కాగితాలు పాడవుతాయి. ఎండాకాలంలో పొద్దుగూకినాక కూడా మిద్దె బండలు కాలుతూనే ఉంటాయి. వాళ్లు రాకముందే రెండు బకెట్ల నీళ్లు చల్లించి, అవి ఆరినాక సుద్దముక్క తియ్యి.

మీ పెదనాయన