చైనా ‘ఎర్ర టీ’ని నల్ల టీ అనవచ్చా?

సందేహం: చైనాలోని యున్నాన్ కొండల్లో సేంద్రియ పద్ధతిలో పండించిన టీ ప్యాకెట్టుకు తెలుగు చీటీ రాయాల్సి వచ్చింది. చైనా భాషలో దాని పేరుకు ‘ఎర్ర టీ’ అని అర్థమట. పక్కనే ఇంగ్లీషులో ‘బ్లాక్ టీ’ అని ఉంది. నేను ఇలా రాశాను: ‘ఉన్నతమైన తోటల నుండి సేంద్రీయ ధృవీకరణ పొందిన, పులియబెట్టిన చైనీస్ నల్ల టీ పొడి. నీటిలో మరిగించి సేవించండి.’ ఇది సరేనా? టీకి బదులు ‘తేనీరు’ అనమని మా నాన్నగారు అంటున్నారు. అందులో తేనె ఎక్కడుందని మా అమ్మాయి అడుగుతోంది.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ‘నల్ల టీ’తో మొదలుపెడదాం, అసలు చిక్కు అక్కడే ఉంది. ఇంగ్లీషువారు ఎండిన ఆకు రంగు చూసి పేరు పెట్టారు, చైనావారు కప్పులోకి దిగిన రంగు చూసి పెట్టారు. ఎవరి లెక్క వారిది. అయితే చైనాలో ‘నల్ల టీ’ అనే మాట ఖాళీగా లేదు. ‘హెయ్‌చా’ అంటే సరిగ్గా నల్ల టీయే, అది వేరే తరగతి. హునాన్‌లోని అన్‌హ్వాలో ఇటుకల్లా అచ్చుపోసే టీ ఆ కోవదే. మీ యున్నాన్‌లోనే తయారయ్యే పక్వ పుయెర్ అనే టీనీ చాలామంది అందులోనే చేరుస్తారు. సూక్ష్మజీవులతో నిజంగా పులిసేది ఆ రకం. ఒకే రాష్ట్రం నుంచి రెండూ వస్తున్నప్పుడు ఎర్రదాన్ని నల్లదంటే కొనేవాడికి చేరేది వేరే సరుకనే అర్థం.

పైగా యున్నాన్ ఎర్ర టీ పేరు ‘ద్యెన్‌హోంగ్’. ద్యెన్ అంటే యున్నాన్‌కు పాత పొట్టి పేరు, హోంగ్ అంటే ఎరుపు. యుద్ధంతో తూర్పు చైనా టీ సీమలు చేజారుతున్న రోజుల్లో, 1938-39లో ఫెంగ్ షావోచ్యూ అనే నిపుణుడు ఇప్పటి ఫెంగ్‌చింగ్‌లో దీన్ని మొదలుపెట్టాడు. ‘ద్యెన్‌హోంగ్ నల్ల టీ’ అని రాస్తే ఎరుపునే నలుపన్నట్టు అవుతుంది.

‘బ్లాక్ టీ’ అని తెలుగు లిపిలో ఉంచేస్తే సరిపోదా అంటారేమో. మన ఇళ్లలో బ్లాక్ టీ అంటే పాలు పోయని టీ, అంతే. ఆకు ఏదైనా ఫరవాలేదు. హైదరాబాదులో దానికే నిమ్మరసం పిండితే సులేమానీ. కాబట్టి ‘చైనా ఎర్ర టీ’ అనండి. ‘చైనా’ను మాత్రం వదలకండి. విదేశాల్లో ‘రెడ్ టీ’ పేరుతో దక్షిణాఫ్రికా రూయిబోస్ కూడా అమ్ముతారు. అది చిక్కుడు కుటుంబపు పొద, తేయాకే కాదు, కెఫీన్ ఉండదు. ‘చైనీస్’ అక్కర్లేదు. చైనా గోడ అంటున్నాం కదా, తెలుగులో నామవాచకమే విశేషణంగా ముందు కూర్చుంటుంది. ‘చీనీ టీ’ అని మాత్రం అనకండి, అనంతపురంలో బత్తాయి టీ అనుకుంటారు.

‘పులియబెట్టిన’ అన్నది మీ చీటీలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. తప్పు మీది కాదు. చైనా మాట ‘ఫాజ్యావ్’కు పులియడం అనే అర్థం, ఇంగ్లీషువారూ దాన్నే పట్టుకున్నారు. జరిగే పని చూడండి. మొగ్గతో పాటు ఒకటి రెండు లేత ఆకులు కోసి పరుస్తారు. కోసినప్పుడు ముప్పాతిక వంతు దాకా ఉండే తేమ 60 శాతానికి దిగేదాకా వాడుస్తారు. తర్వాత నలిపి మెలితిప్పితే కణాలు చితికి రసం పైకి వస్తుంది. 25-30 డిగ్రీల వెచ్చటి, తేమ నిండిన గదిలో కొన్ని గంటలు ఉంచితే ఆకు రాగిరంగుకు తిరుగుతుంది, పచ్చి వాసన పోయి పండు వాసన మొదలవుతుంది. అక్కడ ఆపి, వేడిగాలితో రెండు విడతలుగా, తేమ 5-6 శాతానికి వచ్చేదాకా ఆరబెడతారు. ఇందులో పిండి పులిసినట్టు సూక్ష్మజీవుల పని ప్రధానం కాదు. కోసిన వంకాయ ముక్కను నల్లబరిచే ఎంజైమే ఇక్కడా పనిచేస్తుంది.

సరిగా వాడిపోకముందే నలిపితే ఆకు ముక్కలవుతుంది. గదిలోంచి తొందరగా తీస్తే టీ పచ్చిగా, చేదుగా ఉంటుంది. అతిగా ఉంచితే కళ తప్పి పులుపు వాసన వస్తుంది. అంటే ‘పులిసిన’ అనేది ఈ టీకి లోపం పేరు! దాన్ని గుణంగా చీటీ మీద అచ్చువేయడం దేనికి? శాస్త్ర వ్యాసంలో ‘ఆక్సీకరణం చెందిన’ అనవచ్చు. ప్యాకెట్టు మీద ‘మాగబెట్టిన’ అంటే చాలు. పండు మాగడంలోనూ రంగు, వాసన తిరుగుతాయి కదా.

‘ఉన్నతమైన తోటలు’ అంటే గొప్ప తోటలనే తోస్తుంది. ‘ఎత్తైన తోట’ అన్నా మొక్కలు పొడుగేమో అనిపిస్తుంది. ‘కొండమీది తోటలు’ హాయిగా ఉంది, ఎన్ని మీటర్ల ఎత్తో అంకె కూడా వేస్తే ఇంకా మంచిది. విశాఖలో ఉన్నారు కనుక ‘మన్యం’ అనాలనిపించవచ్చు. ఆ మాట మన ఏజెన్సీదే, యున్నాన్‌కు అంటగట్టకండి.

‘సేంద్రీయ’ కాదు, ‘సేంద్రియ’. స + ఇంద్రియ, గుణసంధి. ఇంద్రియలో ‘రి’ హ్రస్వమే. కేంద్రీయ అనే మాట చెవిలో ఉండటంవల్ల దీర్ఘం వచ్చిపడుతోంది, కానీ అది కేంద్ర శబ్దానికి ‘ఈయ’ చేరిన మాట. అలాగే ‘ధృవీకరణ’ తప్పు, ‘ధ్రువీకరణ’ ఒప్పు. సేంద్రియాన్ని ‘ప్రకృతి సాగు’ అని మార్చవద్దు. జీవామృతంతో చేసే ఆ సాగు వేరు, మూడేళ్ల మార్పిడి కాలం దాటించి తనిఖీలతో ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి వేరు.

ఇక ‘టీ పొడి’, ‘మరిగించి’. ఇది పొడి కాదు, మెలితిరిగిన పూర్తి ఆకు. ‘మరిగించండి’ అనే ఒక్క క్రియతో కొన్నవాళ్ల డబ్బంతా గిన్నెలో పోతుంది. మన పొడి టీలా పాలతో మరిగిస్తే సువాసన ఆవిరైపోయి వగరు మిగులుతుంది. ఫిల్టరు కాఫీకి డికాక్షన్ ‘దిగుతుంది’ అంటాం చూడండి, ఆ క్రియ ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. ఇలా రాయండి: ‘కొండమీది తోటల్లో సేంద్రియ పద్ధతిలో పండించి, మాగబెట్టిన చైనా ఎర్ర టీ ఆకు. 3 గ్రాముల ఆకు మీద 150 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి, 3 నిమిషాలు దిగనిచ్చి వడకట్టుకోండి.’ మరిగిన నీళ్లను స్టవ్ మీంచి దించి నిమిషం ఆగి పోస్తే 90-95 డిగ్రీలుంటాయి, ఈ లేత మొగ్గలకు అది చాలు. అదే ఆకుతో ఇంకో రెండుసార్లు కాస్త ఎక్కువసేపు ఉంచి తీసుకోవచ్చని కూడా చేర్చండి. తెలియక మొదటిసారికే పారేస్తారు. ‘సేవించండి’ మందుసీసాల భాష, తీసేయండి.

తేనీరు మంచి మాటే, మీ నాన్నగారు వాడుకోవచ్చు. ప్యాకెట్టులో ఉన్నది ఆకు కనుక చీటీ మీద అది పొసగదు. మీ అమ్మాయి సందేహానికి తేనీగే కారణం కావచ్చు. తేనె + ఈగ తేనీగ అయింది, అక్కడ తేనె ఉంది. తేనె + నీరు అయితే తేనెనీరు కావాలి. తేనీరులో ఉన్నది ‘తే’. ఫూజ్యెన్ తీరపు చైనా మాట అది, డచ్చి ఓడల్లో యూరపుకు వెళ్లి ‘టీ’ అయింది. అదే తే ఆకుతో కలిసినప్పుడు యడాగమం వచ్చి తేయాకు అయింది. తమిళంలోనూ తేయిలై, తేనీర్ అనే అంటారు. చాయ్ మాత్రం ‘చా’ నుంచి పారశీకం మీదుగా, ఉర్దూ చేయిపట్టుకుని మనకు వచ్చింది.