ఆస్కర్ ష్లెమ్మర్ బొమ్మల్లో మనుషులు కొయ్యబొమ్మల్లా ఉంటారెందుకు? వాటిని ఎలా చూడాలి?

"మొహాలు లేవు, మొహాల్లో భావం లేదు, ఇందులో గొప్పేముంది?" అని మీరు అడిగారు. జర్మనీలోని స్టుట్‌గార్ట్ వచ్చిన కొత్తలో నేనూ అదే అన్నాను. చిత్రకారుడు, నృత్యాలు కూర్చినవాడు ష్లెమ్మర్ 1888లో పుట్టింది ఈ ఊళ్ళోనే. 1922లో ఇక్కడే మొదటిసారి ఆడిన ఆయన 'ట్రయాడిక్ బ్యాలే' అనే నృత్యప్రదర్శన వేషాలు కొన్ని ఇక్కడి స్టాట్స్‌గ్యాలరీ అనే మ్యూజియంలో ఉన్నాయి. బంతుల్లా, గోపురాల్లా, తీగచుట్టల్లా ఉండే ఆ వేషాలను చూసి మా వాడు "బొమ్మల కొలువు" అన్నాడు. నేనూ నవ్వేసి బయటికొచ్చాను.

నా పని కారు విడిభాగాల డిజైన్. రోజంతా స్క్రీన్ మీద గీతలే. అందుకేనేమో, ఆయన గీసిన ఒక రేఖాచిత్రం దగ్గర మాత్రం ఆగిపోయాను. బౌహౌస్ అనే జర్మన్ కళా, డిజైన్ పాఠశాలలో నాటక విభాగం చూసుకుంటున్న రోజుల్లో, 1924 ప్రాంతంలో వేసింది. ఖాళీ గది, గోడల నుంచీ మూలల నుంచీ దారాల్లా లాగిన గీతలు, నడుమ ఒక మనిషి. చెరపడం మరిచిపోయిన పర్‌స్పెక్టివ్ (దూరం చూపడానికి వేసే) గీతలేమో అనుకున్నాను. కాదు, అసలు విషయం ఆ గీతలే. గదిది నిలువు, అడ్డం, కొలతల లెక్క. మనిషిది ఊపిరి, గుండె చప్పుడు, రక్తప్రసరణ లెక్క. రంగస్థలం మీద ఏది దేనికి లొంగుతుందన్నదే ఆయన ప్రశ్న.

ఆయన నృత్యాల్లో ఒకదానిలో నర్తకి ఒంటికి పొడవాటి కర్రలు కట్టి ఆడించేవారు. ఒక ఆదివారం నేనూ రెండు మాపు కర్రలు టేపుతో చేతులకు చుట్టుకున్నాను. మా ఆవిడ "ఏంటండీ, పగటివేషాలు మొదలెట్టారా?" అంది. చెయ్యెత్తితే కర్ర లైటుకి తగిలింది. రోజూ చూడకుండా దాటే వంటగది గుమ్మంలోంచి పక్కకి తిరిగి, మోకాళ్ళు వంచి, ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక పెట్టుకుని దూరాల్సి వచ్చింది. మా ఇల్లు ఇంత ఇరుకని అద్దె కట్టేటప్పుడు కూడా అనిపించలేదు! ఆ పది నిమిషాలూ నా మొహం ఎలా ఉందన్న ధ్యాసే లేదు. మోచేయి ఎక్కడుంది, గోడ ఎంత దూరం, అంతే.

ఆ తర్వాత 1932 నాటి 'బౌహౌస్ మెట్లు' ప్రింట్ చూడండి (అసలుది న్యూయార్క్‌లోని మోమా అనే ఆధునిక కళా మ్యూజియంలో ఉంది). విద్యార్థులు మెట్లెక్కుతున్నారు, చాలామంది వీపులే కనిపిస్తాయి. ముందున్నవాళ్ళని చట్రం కోసేసింది. మొహాలు వెతకొద్దు. ఒక భుజానికీ ఇంకో భుజానికీ మధ్య ఖాళీ చూడండి, మెట్ల మలుపు వాళ్ళని ఎలా తిప్పుతోందో చూడండి. డెసావ్ ఊళ్ళో బౌహౌస్ మూతపడుతున్న ఏడాది వేసిన బొమ్మ అని తెలిశాక ఆ వీపులు నాకు ఇంకోలా కనిపించాయి.

ఆయన వేసినవన్నీ బాగుంటాయని అనను. కొన్నింట్లో మనుషులు నిజంగానే బట్టల కొట్లో బొమ్మలు.

నాజీలు రాగానే 1933లో ఉద్యోగం పోయింది. 1937లో మ్యూనిక్‌లో 'దిగజారిన కళ' అంటూ పెట్టిన ప్రదర్శనలో ఆయన బొమ్మలూ వేలాడదీశారు. చివరికి వుప్పర్టాల్‌లో ఒక రంగుల కంపెనీలో పని. అక్కడ 1942లో తన కిటికీలోంచి ఎదురింటి కిటికీలు చూస్తూ 18 చిన్న బొమ్మలు వేశారు. పొద్దుగూకే వేళ, లోపల దీపం, కిటికీ చట్రం అడ్డుగీతల వెనక పని చేసుకుంటున్న ఎవరో. మరుసటి ఏడే పోయారు.

మీరు బ్యాలే వేషాలతో మొదలుపెట్టినట్టున్నారు. ముందు ఈ కిటికీ బొమ్మలు చూడండి. మా ఎదురు ఫ్లాట్‌లో సాయంత్రం ఒకావిడ గిన్నెలు తోముతుంటుంది. మొహం కనబడదు, కానీ తలుపు తీస్తే ఆవిడే అని మెడ వంపు చూసి చెప్పగలను.