అమ్మలూ, ముందు నీ 'స' వెతుక్కో

విజయనగరం

అమ్మలూ,

పాటల పోటీలో చరణం దగ్గర గొంతు పట్టేసిందని, 'శ్రుతి తప్పింది' అన్నారని, ఇంక జన్మలో పాడనని ఫోన్లో ఒకటే ఏడుపు. ఏడుపు మధ్యలోనే "ఇంతకీ శ్రుతి అంటే ఏటి మామ్మా?" అని అడిగావు చూడు, అది మాత్రం నాకు నచ్చింది. ఎనిమిదో తరగతిలో నాకు ఆ ప్రశ్న అడగాలనే తోచలేదు. ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నీ వయసులో నాకూ ఇదే అయింది. నా ముందు పాడిన అమ్మాయిది సన్నటి గొంతు, చాలా పైన పాడింది. ఆ పిల్ల ఆపిన శ్రుతే చెవిలో ఉండిపోయి నేనూ అక్కడే ఎత్తుకున్నాను. పల్లవి గట్టెక్కింది. చరణంలో ఇంకా పైకి పోవాలి, పోవడానికి గొంతు లేదు. కీచుమంది. దిగి వచ్చాక ఒక మేష్టారు "కాస్త గట్టిగా పాడాల్సింది" అన్నారు. పాపం, మంచికే చెప్పారు. కానీ అది తప్పు సలహా అని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

గట్టిగా పాడటం వేరు, పైన పాడటం వేరు. రెంటికీ మనం 'గొంతు పెంచు' అనే అంటాం, అక్కడే వస్తుంది చిక్కు. టీవీ సౌండ్ పెంచితే పాట పెద్దగా వినిపిస్తుంది, శ్రుతి మారదు. తీగ గానీ గొంతు గానీ సెకనుకు ఎన్ని ఎక్కువసార్లు కంపిస్తే స్వరం అంత పైన ఉంటుంది. 220 సార్లు కంపించేది నీ 'స' అనుకో, 440 దగ్గర మళ్లీ 'స' వస్తుంది, పై స్థాయిలో.

ఇది చదివితే బుర్రకెక్కదు, వినాలి. కుళాయి కింద బిందె పెట్టి కళ్లు మూసుకో. నిండేకొద్దీ చప్పుడు పైకి పోతుంది, ఎందుకంటే లోపల గాలికి చోటు తగ్గిపోతోంది. వంటింట్లోంచి కదలకుండానే "బిందె నిండింది, కుళాయి కట్టండి" అని నేను ఎలా కేకేస్తానో ఇప్పుడు తెలిసిందా? తర్వాత గాజు గ్లాసులో కొంచెం కొంచెం నీళ్లు పోస్తూ చెంచాతో మెల్లిగా కొట్టు. ఇక్కడ అంతా తిరగబడుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది. ఈసారి మోగేది గాలి కాదు, గ్లాసు. నీళ్ల బరువుకి అది నెమ్మదిగా కంపిస్తుంది. జలతరంగం గిన్నెల్లో నీళ్లు పోసేది ఈ లెక్కనే. ఆదివారం ఐదు గ్లాసులు పెట్టి 'స రి గ ప ద' పలికించు. మీ అమ్మ తిడితే నా పేరు చెప్పు.

ఇక అసలు సంగతి. మన సంగీతంలో 'స' ఫలానా చోటే ఉండాలని లేదు, ఎవరి గొంతుకి తగ్గ చోట వాళ్లు పెట్టుకుంటారు. నువ్వడిగిన శ్రుతి అంటే ఆ చోటే. దానికి అంకెలుంటాయి, అంకె పెరిగేకొద్దీ 'స' పైకి పోతుంది. సాధారణంగా మగవాళ్లు ఒకటి, రెండు శ్రుతుల్లో, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర దగ్గర పాడతారు. నీది కనుక్కోవడానికి పల్లవి నుంచి మొదలుపెట్టకు. పాటలో అన్నిటికన్నా పైకి వెళ్లే చోటు ముందు పాడు, తర్వాత అన్నిటికన్నా కిందికి దిగేది. రెండూ ఇబ్బంది లేకుండా పలికే శ్రుతే నీ శ్రుతి. ఆ 'స'ని ఆపకుండా మోగించే తంబురా యాప్‌లో చూసి ఆ నంబరు నోట్‌బుక్కులో రాసుకో. స్టేజీ ఎక్కే ముందు పక్కకి వెళ్లి, ఆ శ్రుతి విని, నోరు మూసుకుని రెండుసార్లు 'స' పట్టు. ముందువాళ్లు ఎక్కడ పాడితే నీకెందుకు? అన్నయ్య గొంతు ఇప్పుడు మారుతోంది కదా, వాడి శ్రుతి కిందికి జారుతుంది. పాత శ్రుతిలో అరవొద్దని చెప్పు.

మీ స్కూల్లో కీబోర్డు ఉందన్నావు. దాని మీద వరసగా మూడు నల్లమెట్లు ఉంటాయి చూడు. వాటిలో మొదటిది 'స' అనుకుని నల్లవి మాత్రమే వాయించుకుంటూ పో, మోహన రాగం వస్తుంది. అవే మెట్లు, రెండోది 'స' అనుకుంటే మధ్యమావతి. మూడోది 'స' అయితే హిందోళం. మెట్లు మార్చలేదు, 'స' మారిందంతే, రాగం మొహమే మారిపోయింది! నేను దీన్ని మొదటిసారి విన్నరోజు అన్నం సయించలేదు. ఒక్కో మెట్టు మీద ఎంతసేపు ఆగుతావు, ఎటు తిరుగుతావు అన్నదాన్ని బట్టి వరస పుడుతుంది. మన శ్రీకాకుళం మాటలోనే ఉంది కదా, 'వస్తావు' అన్నప్పుడు దిగిన గొంతు 'వస్తావేటి?' అనేసరికి లేస్తుంది. పాట పాడినట్టు మాట్లాడతామని ఊరికే వెక్కిరించరు మనల్ని.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసే వీణ చూశావు కదా, 24 మెట్లుంటాయి. తీగ సగానికి వచ్చేది పన్నెండో మెట్టు, అక్కడ పై 'స'. వేలు సరైన మెట్టు మీద పడితే స్వరం దాదాపు పలికినట్టే. వయొలిన్‌కి ఆ మెట్లూ లేవు. 1919లో ఇక్కడ మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పేవారు. మెట్లు లేని తీగ మీద ఆయన వేలికి దారి చూపింది చెవే. నీ గొంతుకీ మెట్లు లేవమ్మలూ. అందుకే రోజూ పది నిమిషాలు తంబురా పెట్టుకుని ఊరికే విను, పాడకు. తర్వాత పది నిమిషాలు 'స' ఒక్కటే. విసుగొస్తుంది. నాకూ వచ్చేది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్కు తెచ్చుకో. నువ్వు రాసిన నంబరు నాకు చెప్పకు. ముందు నీ పాట విని నేను ఒకటి రాస్తాను, తర్వాత రెండూ కలిపి చూద్దాం.

మామ్మ