మద్రాసు గాలిలో చాక్లెట్

చి. సౌ. సుధకు పెద్దనాన్న ఆశీస్సులు.

అంబత్తూరులో గది తీసుకుని చాక్లెట్ మొదలుపెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. నా ఉద్యోగమంతా మిఠాయి ఫ్యాక్టరీల్లోనే గడిచింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు ఈ ప్రాంతం సంగతి. మన వైపు పేరు తెచ్చుకున్నవి పాకం బిళ్ళలే. 1914లో నెల్లికుప్పంలో ప్యారీస్ కంపెనీ, 1952లో చిత్తూరులో న్యూట్రిన్ కంపెనీ అలాగే మొదలయ్యాయి. ఎండాకాలం కొట్లో సీసాలో పెట్టినా పాకం బిళ్ళ కరగదు. చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఎక్లెయిర్ మన కొట్లలో అంతగా నిలదొక్కుకుందంటే, మెత్తటి చాక్లెట్‌ని టాఫీ లోపల దాచడం వల్లేనని నా నమ్మకం. అందుకే అచ్చులకంటే ముందు ఏసీ కొను, తేమ కొలిచే మీటరు కొను.

ఇక కోకో గింజలు. క్యాడ్‌బరీ వాళ్ళు 1965లో కేరళలోని వయనాడులో సాగు మొదలుపెట్టించారు. 1980ల మొదట్లో ధర పడిపోయి కొనేవాళ్ళు లేకపోతే, మంగళూరు సహకార సంఘం క్యాంప్‌కో రైతుల దగ్గర కొనడానికి ముందుకొచ్చింది. 1986లో కర్ణాటకలోని పుత్తూరులో సొంత ఫ్యాక్టరీయే పెట్టింది. ఇప్పుడు దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రలోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడలో వేస్తారు. అంత దగ్గర్లో పంట పెట్టుకుని బెల్జియం చాక్లెట్ దిమ్మలు తెప్పించి కరిగించి పోయడం నాకు నచ్చదమ్మా. కాంపౌండ్ చాక్లెట్ జోలికి అసలు పోకు. అందులో కోకో వెన్న ఉండదు, వేరే కొవ్వు ఉంటుంది.

తోటకి నువ్వే స్వయంగా వెళ్ళు. గింజల్ని చెక్క పెట్టెల్లో అరిటాకులు కప్పి అయిదారు రోజులు పులియబెడతారు. రెండో రోజు దాటాక పెట్టె మీద చెయ్యి పెడితే వేడి తగులుతుంది. మధ్యమధ్య గింజల్ని తిరగెయ్యాలి. వాళ్ళు ఎప్పుడెప్పుడు తిరగేస్తున్నారో అడుగు. ఎండిన గింజలు గుప్పెడు తీసుకుని చాకుతో నిలువునా కోసి చూడు. లోపల గోధుమరంగు వచ్చి పగుళ్ళు విచ్చుకుని ఉంటే బాగా పులిసినట్టు. ఊదారంగు ఉంటే సగమే పులిసింది, బూడిదరంగైతే అసలు పులియలేదు, తీసుకోకు. తేమ 7 శాతం దాటితే బూజు పడుతుంది. చాక్లెట్ రుచి సగానికి సగం ఆ పెట్టెల్లోనే తేలిపోతుంది. నీ గదిలో ఎంత కష్టపడినా దాన్ని తిరిగి తేలేవు.

వేయించి, పొట్టు చెరిగాక రుబ్బుడు. కోయంబత్తూరు ఇడ్లీ గ్రైండరునే మార్చి ఇవాళ దేశదేశాల చిన్న చాక్లెట్ తయారీదార్లు వాడుతున్నారు, అది మనకి గర్వకారణం. కానీ ఇంట్లో పిండి రుబ్బేది వాడకు. రెండు రోజులు ఆపకుండా తిరగాలంటే దాని మోటారు తట్టుకోదు. చాక్లెట్ కోసం చేసినదే కొను. అందులో నీటిచుక్క పడనివ్వకు, ముద్ద గట్టిపడిపోతుంది.

డార్క్ చాక్లెట్‌ని 45 డిగ్రీల పైన కరిగించి, 27కి చల్లార్చి, మళ్ళీ 31కి తెచ్చి అచ్చుల్లో పొయ్యి. ఇక్కడ తొందరపడితే నాలుగు రోజుల్లో పైన తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. తయారైన బిళ్ళల్ని ఫ్రిజ్‌లో పెట్టకు. బయటికి తీయగానే చెమ్మ పట్టి చక్కెర పైకి తేలుతుంది.

వేసవిలో మధ్యాహ్నం పూట డెలివరీలు ఒప్పుకోకు, పొద్దున్నే పంపు. లైసెన్సు కాగితాలు మీ నాన్న చూసుకుంటానన్నాడు. గోదావరికి ఎప్పుడు బయల్దేరుతున్నావో రాయి, నేనూ వస్తాను.

మీ పెద్దనాన్న