పిల్లల ఆటను డిజైన్ చేసే ఉద్యోగం ఉందా? దానికి ఏం చదవాలి?

ప్రశ్న: సైకాలజీతో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. బొమ్మలు గీయడం, అట్టలతో ఏవో ఒకటి తయారు చేయడం చిన్నప్పటి నుంచీ అలవాటు. క్లాసులో పాఠాలు చెప్పాలని లేదు. పిల్లలు ఆడుకుంటూ నేర్చుకునేలా ఆటలు, కిట్లు, వర్క్‌షాపులు తయారు చేయాలని ఉంది. ‘అది హాబీ, ఉద్యోగం కాదు, ముందు పీజీ చెయ్యి’ అంటున్నారు నాన్నగారు. నిజంగా అవకాశాలు ఉన్నాయా? ఏం చదవాలి?

జవాబు: ఉద్యోగమే. కాకపోతే అన్నిచోట్లా ఒకే పేరుతో ఉండదు, అందుకే మీ నాన్నగారికి కనిపించడం లేదు. బొమ్మల కంపెనీలో టాయ్ డిజైనర్ అంటారు. సైన్స్ మ్యూజియంలో ఎగ్జిబిట్ డిజైనర్. పిల్లల యాప్‌లు చేసే సంస్థల్లో లెర్నింగ్ డిజైనర్, స్కూళ్లకు పాఠ్య సామగ్రి తయారు చేసేచోట కరికులమ్ డెవలపర్. స్వచ్ఛంద సంస్థలు, లైబ్రరీలు, పిల్లల టీవీ, పుస్తక ప్రచురణ సంస్థలకు కూడా ఇలాంటివాళ్లు కావాలి. ‘ఆటలు తయారు చేసే ఉద్యోగం’ అని వెతికితే ఏమీ దొరకదు. ఈ పేర్లతో వెతకండి.

ఇక చదువు. ఈ రంగానికి దారి వేసినవాళ్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చారో చూడండి. మరియా మాంటిస్సోరి డాక్టరు. 1907లో రోమ్‌లో పేద కుటుంబాల పిల్లల కోసం తన మొదటి బాలల గృహాన్ని తెరిచారు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే మ్యూజియం పెట్టిన ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ భౌతిక శాస్త్రవేత్త. పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను సహచరులతో కలిసి 1967లో తయారు చేసిన సీమర్ పాపర్ట్ గణితం నుంచి వచ్చారు. కాబట్టి ‘ఈ డిగ్రీ ఉంటేనే’ అనే మాట ఇక్కడ లేదు. మీ సైకాలజీ మంచి పునాది. దాని మీద పిల్లల వికాసం, విద్య, డిజైన్, ఈ మూడింటిలో ఒకటి పీజీలో చదివితే బాగుంటుంది. అయితే వెంటనే చేరిపోకండి. ఒక ఏడాది పిల్లల మధ్య పనిచేశాక ఎంచుకుంటే మీకు ఏది తక్కువైందో మీకే తెలుస్తుంది. పీజీ విషయంలో నాన్నగారి మాట తప్పు కాదు. నేను చెప్పేది ఏది ముందు, ఏది తర్వాత అనే.

మీ ఉత్తరం చదివాక నాకు ముఖ్యంగా చెప్పాలనిపించింది వేరే ఉంది. మీరు గీయడం గురించి, తయారు చేయడం గురించి రాశారు. పిల్లల్ని గమనించడం గురించి ఒక్క మాట లేదు. ఈ పనిలో సగానికి పైగా అదే.

సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమం 1969లో అమెరికాలో మొదలైంది. ప్రసారానికి ముందే దాన్ని పిల్లలకు చూపించి పరీక్షించారు. పరిశోధన బాధ్యత చూసిన ఎడ్వర్డ్ పామర్ టీవీ పక్కనే ఇంకో తెర పెట్టించి, దాని మీద 7.5 సెకన్లకు ఒక స్లైడ్ మారేలా ఏర్పాటు చేశారు. పిల్లల చూపు టీవీ మీదే ఉందా, పక్క తెర మీదికి పోయిందా అని క్షణం క్షణం రాసుకున్నారు. అప్పటికి నిపుణుల సలహా ప్రకారం తోలుబొమ్మల్లాంటి పాత్రల్ని, మనుషుల్ని వేరువేరు దృశ్యాల్లో ఉంచారు, కలిపితే పిల్లలు తికమక పడతారని. పరీక్షలో తేలింది వేరు. మనుషులు మాత్రమే ఉన్న వీధి దృశ్యాలు రాగానే పిల్లల చూపు పక్కకు పోతోంది! దాంతో నిపుణుల మాట పక్కన పెట్టి, బొమ్మ పాత్రల్ని వీధిలోకే తెచ్చారు. పిల్లల చూపు చెప్పినదాన్నే నమ్మారు. మీరు నేర్చుకోవాల్సిన ధైర్యం ఇదే. ఎంతో ఇష్టపడి చేసిన ఆటను పిల్లవాడు పక్కకు తోసేస్తే, మారాల్సింది ఆట.

రంగులు, అలంకరణ ఎక్కువైతే పిల్లలకు బాగుంటుందనే నమ్మకం చాలామందికి ఉంటుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, గోడల నిండా బొమ్మలు, చార్టులు ఉన్న గదిలో కిండర్‌గార్టెన్ పిల్లల దృష్టి ఎక్కువగా చెదిరింది, నేర్చుకున్నది తగ్గింది. బొమ్మలు బాగా గీయగలవాళ్లు దీన్ని మరింత గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చేయి ఊరుకోదు.

అలాగని పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తే అన్నీ వచ్చేస్తాయని కూడా అనుకోవద్దు. 2013లో వచ్చిన మరో పరిశోధనలో నాలుగైదేళ్ల పిల్లలకు త్రిభుజం, చతురస్రం లాంటి ఆకారాల లక్షణాలు నేర్పారు. కొందరికి నేరుగా చెప్పారు, కొందరిని ఆ సామగ్రితో ఇష్టమొచ్చినట్టు ఆడుకోనిచ్చారు, మిగిలినవాళ్లతో పెద్దవాళ్లు చిన్న చిన్న ప్రశ్నలు వేస్తూ ఆడించారు. బాగా నేర్చుకున్నది మూడో గుంపు. మీరు డిజైన్ చేయాల్సింది ఆ మూడో రకం ఆటనే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చి, రెండు పుస్తకాల దొంతరల మధ్య వంతెన కట్టమనండి. దాని మీద ఎన్ని నాణేలు నిలబడతాయో చూడాలి. మొదలుపెట్టడానికి ఎవరికీ భయం ఉండదు. కాగితాన్ని అలాగే పరిచినవాళ్లకు రెండు మూడు నాణేలకే వంగిపోతుంది. ఒకరు మడతలు పెడతారు, ఒకరు గొట్టంలా చుడతారు, ఒకరు అంచులు పైకి మడుస్తారు. మొదలుపెట్టడం తేలిగ్గా ఉండాలి, పోగలిగినంత దూరం పోనివ్వాలి అనేది పాపర్ట్ సూత్రం. దారులు కూడా ఎన్నో ఉండాలని, 2007లో స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాషను విడుదల చేసిన అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయ బృందానికి నాయకుడు మిచెల్ రెస్నిక్ దానికి జోడించారు. వంతెన ఆటలో మూడూ ఉన్నాయి.

ఇప్పుడు ఒక పాప ఎంత ప్రయత్నించినా కాగితం పడిపోతోంది, ఏడుపు మొహం పెట్టింది. ‘ఇలా మడత పెట్టు’ అంటే వంతెన నిలుస్తుంది కానీ, ఆట అక్కడితో అయిపోతుంది. ‘ముందు ఎక్కడ వంగుతోంది?’ అని అడిగితే పాప మళ్లీ కాగితం వైపు చూస్తుంది. ఆ సమయానికి ఏ ప్రశ్న అడగాలో ముందే ఆలోచించి, ఆడించేవాళ్ల చేతికి ఒక కార్డు మీద రాసి ఇవ్వడం కూడా డిజైనే. కిట్ ఎంత అందంగా ఉన్నా ఆ కార్డు లేకపోతే పని సగమే అయినట్టు.

కాబట్టి ఈ సెలవుల్లో ఇలా చేయండి. ఒకే వయసు, నేర్పాలనుకున్న ఒకే భావన (కాన్సెప్ట్) ఎంచుకోండి. అట్టతో, కాగితంతో ఆట తయారు చేసి నలుగురైదుగురు పిల్లల చేతికివ్వండి. తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, ఫొటోలు తీయాలంటే అది మరీ అవసరం. ఆడుతున్నంతసేపూ మాట్లాడకండి. ఎక్కడ ఆగారు, ఏ నియమాన్ని మార్చేసుకున్నారు, ఎప్పుడు లేచి వెళ్లిపోయారు అన్నది రాసుకోండి. మార్చండి, వేరే పిల్లలకు ఇవ్వండి. మొదటి నమూనా, గమనించిన విషయాలు, మారిన నమూనా, ఈ మూడూ పక్కపక్కనే ఉన్న పోర్ట్‌ఫోలియోకు ఇంటర్వ్యూలో చాలా విలువ ఉంటుంది. అందమైన బొమ్మలు మాత్రమే పెడితే మిమ్మల్ని ఇలస్ట్రేటర్ అనుకుంటారు.

డబ్బు గురించి టెన్షన్ సహజం. మొదట్లో చాలామంది వర్క్‌షాపులు, ఫ్రీలాన్స్ పనులతోనే నడుపుతారు, ఆదాయం నెలనెలా ఒకేలా రాదు. యాప్‌ల సంస్థల్లో, పెద్ద బొమ్మల కంపెనీల్లో జీతం సాధారణంగా కాస్త నిలకడగా ఉంటుంది. స్వచ్ఛంద సంస్థల్లో జీతం తక్కువైనా పిల్లల మధ్య గడిపే సమయం ఎక్కువ. మొదటి రెండేళ్లకు నేనైతే అదే మంచిదంటాను. ఇంట్లో ఆర్థిక ఒత్తిడి ఉంటే మాత్రం ముందు జీతం వచ్చే ఉద్యోగం చేరి, సెలవు రోజుల్లో వర్క్‌షాపులు చేయండి. అందులో తప్పేమీ లేదు.

బొమ్మల వైపు వెళితే భద్రతా ప్రమాణాలు చదవక తప్పదు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో విడి భాగాలను 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టంలో వేసి చూస్తారు. అందులో పూర్తిగా పట్టేసిన భాగం గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే. యాప్‌ల వైపు వెళితే ఇంటర్వ్యూలో మీరే ఒక ప్రశ్న అడగండి: ‘మీ యాప్ బాగా పనిచేస్తోందని దేన్ని బట్టి చెబుతారు?’ పిల్లలు ఎంతసేపు తెర ముందు కూర్చున్నారన్న లెక్క ఒక్కటే చెబితే, ఆఫర్ లెటర్ మీద సంతకం చేసేముందు బాగా ఆలోచించుకోండి.