గ్యాలరీ దొరికేదాకా ఆగవద్దు: సింగ్‌నగర్ వినాయక పందిట్లో మేము పెట్టిన ఫోటో ప్రదర్శన

"మా పట్టణంలో ఆర్ట్ గ్యాలరీ లేదు. మేము ఆరుగురు స్నేహితులం తీసిన ఫోటోలను టీ కొట్టులోనో గ్రంథాలయంలోనో పెడితే జనం పట్టించుకుంటారా, లేక హైదరాబాదులో సరైన గ్యాలరీ దొరికేదాకా ఆగడం మంచిదా?" అని మీరు అడిగారు. ఆగవద్దన్నదే నా సమాధానం. మీ ఊళ్ళో గ్యాలరీ లేకపోవడం మీకు కలిసొచ్చిందని కూడా నేను నమ్ముతున్నాను. ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే మా వీధిలో జరిగిన సంగతి కొంత వివరంగానే చెప్పాలి.

నేను విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఉంటాను. పంతొమ్మిదేళ్ళుగా పెళ్ళిళ్ళకు ఫోటోలు తీయడమే నా వృత్తి. బుడమేరు వాగుకు గండ్లు పడి 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాటికి మా ప్రాంతమంతా నీట మునిగింది. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది కాబట్టి, ఆ వరద అనగానే బయటివాళ్ళకు కళ్ళముందు కదిలేది ఇప్పటికీ బ్యారేజీ గేట్లే. మా వంటిళ్ళలోకి వచ్చినవి మాత్రం బుడమేరు నీళ్ళు. ఆ రోజుల్లో కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగ్ దాచుకోవాల్సి వచ్చింది, అందువల్ల మేడల మీద చిక్కుకున్నవాళ్ళు ఒక్కో ఇంటి నుంచి నాలుగో ఐదో ఫోటోలే తీయగలిగారు. పడవలో వస్తున్న పాల ప్యాకెట్లు, డ్రోను దించిన ఆహారపు పొట్లాన్ని అందుకుంటున్న చేతులు, నీళ్ళు తీశాక ఇళ్ళలోని బురద కడగడానికి వీధిలోకి వచ్చిన ఫైరింజను, ఇలా ఎంతో అవసరం అనిపిస్తే తప్ప తీయని ఫోటోలు అవి. నా వృత్తిలో ఒక్క పెళ్ళికి మూడు వేల ఫోటోలు తీస్తాను, వాటిలో అంత బరువున్నవి పది కూడా ఉండవు.

నీళ్ళు తగ్గిన తరువాత చుట్టుపక్కల వాళ్ళు తడిసిన పెళ్ళి ఆల్బములను నా దగ్గరకు తేవడం మొదలుపెట్టారు. కొత్త తరహా కరిజ్మా ఆల్బముల అట్టలు ఉబ్బిపోయి పేజీలు విడివడ్డాయి. పాత ఆల్బములలోని ఫోటోలు పాలిథిన్ కవర్లకు అతుక్కుపోయాయి. వాటిని అలాగే ఆరనిస్తే ఇక ఎప్పటికీ ఊడిరావు. శుభ్రమైన చల్లటి నీళ్ళున్న బేసిన్‌లో వేసి, నీళ్ళు మారుస్తూ, ఒక్కొక్కటే ఓపికగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా తెల్లటి నూలు బట్ట మీద ఆరబెట్టాలి. రోజుల తరబడి నానిన రంగు ఫోటో పైపొర పాల మీది మీగడలాగా వేలికి వచ్చేస్తుంది, కాబట్టి బొమ్మ వైపు చెయ్యి తగలకూడదు. అలా ఆరబెట్టిన ఒక జంట ఫోటోలో ముఖాలు రెండూ పసుపు, ఎరుపు మరకలుగా కరిగిపోగా, తలంబ్రాల పళ్ళెమూ దాన్ని పట్టుకున్న ఒక చెయ్యీ మాత్రం చెక్కుచెదరకుండా మిగిలాయి. ఆ గాజులు చూసి ఆ చెయ్యి తమ మేనత్తదని ఆ ఇంటివాళ్ళు గుర్తుపట్టారు.

ఈ రెండు రకాల ఫోటోలనూ కలిపి ప్రదర్శించాలన్న ఆలోచన మా వీధి కుర్రవాళ్ళది. నేను మొదట మీలాగే గ్యాలరీ కోసం వెతికాను. ఒక నగరంలోని ఒక గ్యాలరీకి వెళితే, ఫోటోలకు ఫ్రేములు కట్టించాలనీ, వివరాలన్నీ ఇంగ్లీషులో ఉండాలనీ, ఫోటో తీసిన ప్రతి ఒక్కరి గురించి పరిచయ వాక్యాలు కావాలనీ చెప్పారు. ఆ ఫోటోలు తీసినవాళ్ళలో కూరగాయల బండి నడిపే ఆమె ఉన్నారు, ఇంటర్ చదివే పిల్లవాడు ఉన్నాడు. "వీరి గత ప్రదర్శనలు ఏవి?" అనే గడిలో ఏమి రాయాలి? తెలుగు నేల మీద, తెలుగువాళ్ళు తీసిన ఫోటోల కింద తెలుగు అక్షరం లేకపోవడం నన్ను ఎన్నో ఏళ్ళుగా బాధపెడుతున్న విషయం. ఆ రోజే వెనక్కి వచ్చేశాను.

ఇలా బయట పెట్టడం మేము కొత్తగా కనిపెట్టిన పని కాదు. ఢాకాలో 2000లో మొదలైన ఛబీమేళా అనే ఫోటో ఉత్సవం వాళ్ళు రిక్షా బండ్ల మీద ఫోటోలు కట్టి వీధుల్లో తిప్పారు. 2015 ఏప్రిల్‌లో నేపాల్‌లో భూకంపం వచ్చింది, అదే ఏడాది నవంబరులో ఫోటో కాఠ్మండూ మొదటి ఉత్సవాన్ని కాఠ్మండూ పక్కనే ఉన్న పాటన్‌లోని సందుల్లో, ఇళ్ళ మధ్య ఉండే ముంగిళ్ళలో జరిపారు. చెన్నైలో 2016లో మొదలైన ఫోటో బినాలే అనే ఉత్సవం రైల్వే స్టేషన్లను కూడా వాడుకుంది. హైదరాబాదులో 2015 నుంచి ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ జరుగుతోంది, మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీలో నేను వెళ్ళి చూసి చాలా నేర్చుకున్నాను. కానీ బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రం వంటి చోట, చేతిలో టీ గ్లాసుతో చూసే మనిషి ఒక్కో ఫోటో దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు నిలబడతాడని నా నమ్మకం. పాటన్ సంగతి విన్నప్పుడే నాకు మా వీధి గుర్తుకొచ్చింది.

2024లో వినాయక చవితి సెప్టెంబరు 7న వచ్చింది, అప్పటికి మేము బురదలో ఉన్నాము, మా వీధిలో పందిరి వెయ్యలేదు. 2025లో చవితి ఆగస్టు 27న వచ్చింది. నవరాత్రులు పెడితే, ఏడాది పూర్తయ్యే సెప్టెంబరు 1 ఆ తొమ్మిది రోజుల్లోనే పడుతుంది. పందిరి కమిటీ కుర్రవాళ్ళు ఎడమ పక్క గోడంతా మాకు వదిలేశారు. మొత్తం 64 ఫోటోలు పెట్టాము, అందులో 23 ఆల్బముల్లోంచి తీసిన పాడైన ఫోటోలకు మేము తీసిన నకళ్ళు. గవర్నర్‌పేటలో మ్యాట్ కాగితం మీద ప్రింటు వేయించి సన్‌బోర్డుకు, అంటే తేలికపాటి నురగ అట్టకు, అంటించాము. నిగనిగలాడే కాగితం మీద ట్యూబులైటు వెలుతురు పడితే ఫోటోకు బదులు లైటే కనబడుతుంది, దయచేసి ఆ పొరపాటు మీరు చెయ్యకండి. మరొక సంగతి, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోయి సుమారు 1600 పిక్సెల్స్‌కు దిగుతుంది, దాన్ని 8×12 అంగుళాలకు మించి పెంచితే ముఖాలు చెదిరిపోతాయి. అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపమని అడగండి. మాకు ఫోటోలిచ్చిన చాలామంది ఫోన్లు ఆ తరువాత పాడైపోయాయి, చుట్టాలకు పంపిన వాట్సాప్ కాపీలే మిగిలాయి, అందుకని మా ప్రదర్శనలో చిన్న ఫోటోలే ఎక్కువ.

రెండో రోజు సాయంత్రం జరిగింది నేను ఎప్పటికీ మరిచిపోను. మా వీధి చివర ఉండే పెద్దాయన, లారీ మెకానిక్‌గా పనిచేసి మానేసిన ఆయన, హారతి అయ్యాక ఒక ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు. అది ఒక నీలం రంగు ఇనుప గేటు ఫోటో, నీళ్ళు సరిగ్గా గడియ దాకా ఉన్నాయి. కింద మేము "సెప్టెంబరు 2, ఉదయం" అని రాశాము. ఆయన నన్ను పిలిచి, "బాబూ, ఇది తప్పు రాశారు. ఇది ఒకటో తారీఖు సాయంత్రం. రెండో తారీఖు పొద్దునకి ఈ గడియ కనపడలేదు, గేటు పైనున్న బాణం మొనలు మాత్రమే కనపడ్డాయి. మా వాళ్ళెక్కిన పడవ వాటికే తగిలి ఆగింది" అన్నారు. నేను ఫోటో ఇచ్చినవాళ్ళ మాట చెప్పబోయాను. ఆయన వినిపించుకోకుండా నా చెయ్యి పట్టుకుని వీధి దాటించి, ఎదుటి ఇంటి గోడ మీద సున్నం వెయ్యని మూలలో ఇంకా మిగిలి ఉన్న మట్టి గీతను చూపించారు. పందిరి కుర్రవాడు టేపు తెచ్చాడు. వీధి మట్టం నుంచి ఆ గీత అయిదు అడుగుల రెండు అంగుళాల ఎత్తులో ఉంది. గేటు గడియ కొలిస్తే మూడున్నర అడుగులు వచ్చింది. ఆయన చెప్పిందే నిజం.

పందిట్లోకి తిరిగి వచ్చి తారీఖు కొట్టేసి, పైన పెన్నుతో సరిదిద్దాము. అది చూసిన మరొకామె, "అయితే ఈ పక్క ఫోటో కూడా ఒకటో తారీఖుదే అయ్యుండాలి, తమ్ముడూ, ఆ మేడ మీద ఆరేసిన దుప్పటి మాదే" అన్నారు. ఆ రాత్రి పదకొండు గంటలకల్లా పదిహేడు ఫోటోల కింద రాతలు మారాయి. తేదీలు, పేర్లు, ఏ మేడ ఎవరిది, ఆ పడవ నడిపినవాళ్ళు ఏ ఊరి వాళ్ళు అన్నీ తేలాయి. మరునాడు మేము ఫోటోలు తగిలించిన తాడును విప్పి, ఆ మట్టి గీత ఎత్తులోనే, అంటే అయిదు అడుగుల రెండు అంగుళాలకు మళ్ళీ కట్టి, ఫోటోలను బట్టల క్లిప్పులతో దానికి తగిలించాము. వేరే వీధుల నుంచి వచ్చినవాళ్ళు "ఇంత ఎత్తులో కట్టారేమిటి?" అని అడిగేవారు. ఎందుకో చెప్పగానే తలెత్తి ఆ తాడు పొడుగునా చూసేవారు. పిల్లలకు అందడం లేదని కింద మరొక వరుస కట్టాల్సి వచ్చింది.

గ్యాలరీలో ఆ పెద్దాయన నన్ను చెయ్యిపట్టి లాక్కువెళ్ళే వీలు ఉండేది కాదు. అసలు ఆయన గ్యాలరీకి వచ్చేవారే కాదు. వచ్చినా, గాజు వెనక అచ్చువేసిన అక్షరాలను చూసి వాళ్ళకే బాగా తెలుసేమో అనుకుని ఊరుకునేవారు. మీ ఫోటోలలో ఉన్న చోటును ఎరిగినవాళ్ళు రోజూ నడిచే దారిలో ఆ ఫోటోలు ఉండాలని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

దీనికి ఒక బరువైన బాధ్యత కూడా ఉంది. పడవలోకి ఎక్కిస్తున్న ఒక పెద్దావిడ ఫోటో మా దగ్గర ఉండేది, చాలా గొప్పగా వచ్చిన ఫోటో. ఆవిడ చీర పూర్తిగా తడిసి ఉంది. మూడో రోజు ఆవిడ కొడుకు వచ్చి, "ఫోటో బాగుందండీ, కానీ మా అమ్మ రోజూ గుడికి ఇటే వెళుతుంది" అన్నారు. వెంటనే తీసేశాము, ఆయన చేతికే ఇచ్చేశాము. తీసినవాళ్ళ అనుమతి ఒక్కటే అడిగి, ఫోటోలో ఉన్నవాళ్ళ అనుమతి అడగకపోవడం మా తప్పు. దూరపు నగరంలో పెట్టి ఉంటే ఆ తప్పు మాకు తెలిసేదే కాదు. మీరు ముందుగానే ప్రతి ఇంటికీ వెళ్ళి అడగండి.

ప్రారంభోత్సవం పెట్టుకోకండి. మా జిల్లాలో నేను చూసిన ఫోటో ప్రదర్శనల్లో సగం సమయం జ్యోతి ప్రజ్వలనకూ, శాలువాలకూ పోయింది, ద్వారం దగ్గర అతిథుల ముఖాలున్న ఫ్లెక్సీ లోపలి అన్ని ఫోటోలకన్నా పెద్దదిగా ఉంది, అతిథులు వెళ్ళగానే కుర్చీలు సర్దేశారు. ఫోటో మూలన పెద్ద అక్షరాలతో తమ స్టూడియో పేరు వేసుకోవడం కూడా నాకు నచ్చదు, నా వృత్తిలోని వాళ్ళే ఎక్కువగా చేస్తున్న పని అది. ఆ పేరు కింద రాసే కాగితం మీద ఉంటే చాలు.

ఇక మీ ఊరి సంగతి. శాఖా గ్రంథాలయంలో పేపర్లు చదివే బల్ల ఎదుటి గోడతో మొదలుపెట్టండి, అక్కడికి రోజూ వచ్చేవాళ్ళు వస్తారు, కూర్చుంటారు, పేపరు తిప్పినప్పుడల్లా తలెత్తుతారు. రేషన్ డిపో వరుస కూడా మంచి చోటే, అక్కడ నిలబడక తప్పదు కాబట్టి ఫోటోలను వరుస సాగే దిక్కులోనే పెట్టండి. టీ కొట్టులో పొయ్యికి ఆరడుగుల లోపల ఏదీ కట్టవద్దు, నాలుగు రోజుల్లో ఆవిరీ నూనె జిడ్డూ పడతాయి. మంగలి షాపులో మేము పెట్టిన ఆరు ఫోటోలు ఒక విషయం నేర్పాయి. కుర్చీలో కూర్చున్న మనిషి వెనక గోడను అద్దంలోనే చూస్తాడు, అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, కాబట్టి రాతలున్న కాగితాన్ని అద్దం పక్కనే అంటించాలి. బస్టాండులో పెట్టాలంటే డిపో మేనేజరుకు అర్జీ రాసి అనుమతి తీసుకోండి. ఎక్కడ పెట్టినా తాడుకు ఒక పెన్ను కట్టి ఉంచండి, ప్రతి ఫోటో కింద నాలుగు వేళ్ళ వెడల్పు తెల్ల కాగితం ఖాళీగా వదలండి.

నిమజ్జనం రోజున సన్‌బోర్డులను విప్పుతుంటే ఎవరి ఫోటో వాళ్ళు అడిగి తీసుకువెళ్ళారు. నీలం గేటు ఫోటోను ఆ ఇంటివాళ్ళు కాకుండా పెద్దాయన తీసుకున్నారు, పెన్నుతో దిద్దిన కాగితంతో సహా. తలంబ్రాల పళ్ళెం ఫోటో ఇప్పుడు ఆ మేనత్త గారి ఇంట్లో, దేవుడి అలమర పక్కన ఉంది. నా దగ్గర తొమ్మిది మిగిలాయి. వాటిలో ఉన్న మేడలు ఎవరివో ఇంకా తేలలేదు, ఈసారి చవితికి మళ్ళీ కడతాము.